తూటా ఎక్కడ పడింది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంచిక బాధ్యులు ఫోన్ చేసినప్పుడు నేను మొదట ఒప్పుకోలేదు. నాకు కథలు, కవితలు రావు. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ పొందినవాణ్ణి. ఉత్తరం రాయమంటే రాస్తాను గానీ వ్యాసం ఎలా రాస్తారో తెలియదు. కానీ పోయినసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు లేచి, "అన్నా, మిలిటరీలో మీ గురి ఎప్పుడైనా తప్పిందా?" అని అడిగాడు. "చాలాసార్లు తప్పింది. మొదట్లో అసలు తగల్లేదు" అన్నాను. అందరూ నవ్వారు. నేను సరదాకి అన్నాననుకున్నారు. ఆ రోజు టైము లేక పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

నేను 1991లో ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరాను. ఒక రేకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి. అమ్మానాన్న కూలి పనికి పోయేవాళ్ళు. 1996లో పదో తరగతి పాసయ్యాను. ఇంటర్ తరువాత రెండేళ్ళు ఊళ్ళోనే పనులు చేసి, 2000 జనవరిలో సైన్యంలో చేరాను. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్‌అప్‌లు, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. హాస్టల్ నుంచి స్కూలుకి రోజూ పరిగెత్తినవాళ్ళం కదా! నన్ను రైలెక్కించడానికి నాన్న మేకను అమ్మాడు. "ఇంక తిరిగి చూడకు" అన్నాడు.

ఫైరింగ్ కూడా తేలికేననుకున్నాను. రాయి విసిరితే మామిడికాయ రాలాల్సిందే, అదీ నా పేరు. కానీ రైఫిల్ మామిడికాయల రాయి కాదని మొదటి రోజే తెలిసింది.

మాకిచ్చింది 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిల్. బరువు నాలుగు కిలోల పైచిలుకు. నేల మీద బోర్లా పడుకుని, 100 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్ మీద ఐదు తూటాలు కాల్చాలి. దీన్ని గ్రూపింగ్ అంటారు. ఇందులో నడిమధ్యలో కొట్టడం ముఖ్యం కాదు. ఒకే చోట గురిపెట్టి కాల్చిన ఐదు తూటాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూస్తారు. నేను ఐదూ కాల్చాను. చెవులు గింగురుమన్నాయి. భుజం అదిరింది. లేచి అందరితో పాటు టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్ళాను. నా పక్కవాడి టార్గెట్ మీద ఐదు చిల్లులూ అరచెయ్యి కింద దాగిపోయేటంత దగ్గరగా ఉన్నాయి. నా టార్గెట్ మీద మూడే ఉన్నాయి. ఒకటి పైన కుడి మూల, ఒకటి కింద అంచున, ఒకటి ఎడమ పక్కన. మిగతా రెండూ ఎక్కడికి పోయాయో వెనకనున్న మట్టిగుట్టకే తెలియాలి.

మా ఉస్తాద్ (సైన్యంలో శిక్షణ ఇచ్చేవాణ్ణి అలాగే పిలుస్తాం) నన్ను తిట్టలేదు. "కాల్చేటప్పుడు ఏం చూశావు?" అని అడిగాడు. "టార్గెట్ చూశాను ఉస్తాద్" అన్నాను. "తూటా ఎటు పోతుందో తెలిసిందా?" "తెలియలేదు ఉస్తాద్." "తెలియకుండానే ఒక్కో తూటాకి గురి ఎందుకు మార్చావు?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి నేను చేసింది అదే. మొదటిది ఎడమకు పోయిందేమో అనిపించి రెండోది కుడికి పెట్టాను. రెండోది పైకి పోయిందేమోనని మూడోది కిందికి పెట్టాను. ఏదీ చూడలేదు. అంతా ఊహే.

తమ్ముళ్ళారా, ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మామూలు కంటిచూపు 100 మీటర్ల దూరంలో సుమారు 3 సెంటీమీటర్ల కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. తూటా చేసే చిల్లు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే కాల్చినవాడికి తన తూటా ఎక్కడ పడిందో కనిపించనే కనిపించదు. ఇంకో లెక్క. రైఫిల్ వెనక సైటుకీ, ముందు సైటు మొనకీ మధ్య దూరం దాదాపు అర మీటరు. ఆ మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 100 మీటర్ల దగ్గర తూటా 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 300 మీటర్ల దగ్గర 60 సెంటీమీటర్లు. మన చేతిలో జరిగే తప్పు గోరంత, అక్కడ కనిపించేది కొండంత. ఆ కొండంతను ఎవరైనా చూపిస్తే తప్ప గోరంత తప్పు మనకు తెలియదు.

రెండోసారి రేంజికి వెళ్ళినప్పుడు చూపించే ఏర్పాటు ఉంది. టార్గెట్ల కింద గుంతలాంటి సురక్షితమైన చోట బట్ పార్టీ ఉంటుంది. ప్రతి తూటా తరువాత వాళ్ళు పొడుగాటి కర్రతో అది తగిలిన చోటు చూపిస్తారు. అసలు తగలకపోతే టార్గెట్ ముందు ఎర్ర జెండా అటూ ఇటూ ఊపుతారు. దాన్ని వాష్‌ఔట్ అంటారు. ఇంక నాకు ఢోకా లేదనుకున్నాను. మొదటి తూటా కిందికి పడిందని చూపించారు. వెంటనే రెండోది పైకి గురిపెట్టాను. మరీ పైకి పోయింది. మూడోది కిందికి దించాను. ఎర్ర జెండా. నాలుగోది, మళ్ళీ ఎర్ర జెండా. ఆ జెండా నా టార్గెట్ ముందు ఊగుతుంటే వరుసలో అందరూ నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. మొదటిసారి చూడక చెడిపోయాను, రెండోసారి చూసి చెడిపోయాను.

ఆ సాయంత్రం ప్లటూన్ కమాండర్ సాబ్ పిలిచి, ఫైరింగ్ పాసు కాకపోతే వెనక బ్యాచ్‌లోకి వేస్తామని, అక్కడా కాకపోతే ఇంటికి పంపుతామని చెప్పారు. ఆయన తప్పేమీ లేదు, నియమం అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న అమ్మిన మేక, "తిరిగి చూడకు" అన్న మాట, ఊళ్ళో వాళ్ళ ముఖాలు, అన్నీ గుర్తొచ్చాయి. ఇంకొకడు కూడా గుర్తొచ్చాడు. వాడి గురించి తరువాత చెబుతాను.

మరుసటి ఆదివారం ఉస్తాద్ నన్ను పిలిచాడు. తూటాలు లేవు. ఒక రైఫిల్, రెండు ఇసుక సంచులు, గోడకి అంటించిన తెల్ల కాగితం, ఒక పెన్సిలు, మధ్యలో చిన్న చిల్లు ఉన్న రేకు బిళ్ళ. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోకుండా సైటులోంచి చూడాలి. గోడ దగ్గర ఉన్నవాడు బిళ్ళను కాగితం మీద మెల్లగా జరుపుతుంటాడు. బిళ్ళ సరిగ్గా గురికి వచ్చిందనుకున్నప్పుడు నేను ఆపమనాలి. అక్కడ పెన్సిలుతో చుక్క పెడతాడు. ఇలా మూడుసార్లు. ఆ మూడు చుక్కల్ని కలిపితే త్రికోణం వస్తుంది. రైఫిల్ కదలలేదు కాబట్టి మూడు చుక్కలూ ఒకే చోట పడాలి. నా త్రికోణం చాలా పెద్దదిగా వచ్చింది. "చూశావా? రైఫిల్ కదలలేదు. నీ కన్ను కదిలింది" అన్నాడు ఉస్తాద్.

తప్పేమిటంటే నేను టార్గెట్‌నే చూస్తున్నాను. మనిషి కన్ను వెనక సైటునీ, ముందు సైటునీ, దూరంగా ఉన్న టార్గెట్‌నీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. మూడింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. ముందు సైటు మొనను స్పష్టంగా చూడాలి, టార్గెట్ కొంచెం మసకగా కనిపించినా ఫరవాలేదు. అలా చూడడం మొదలుపెట్టాక నాలుగైదు రోజుల్లో నా త్రికోణం చిన్నదైంది. ఒక్క తూటా కూడా ఖర్చు కాలేదు.

కానీ అసలు రోగం ఇంకా బయటపడలేదు. దాన్ని ఉస్తాద్ ఇంకో విధంగా పట్టుకున్నాడు. తరువాతిసారి రేంజిలో నా మేగజీను ఆయనే నింపాడు. అందులో అసలు తూటాల మధ్య ఉత్తుత్తి డ్రిల్ తూటాలు కలిపాడు. ఏది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. మొదటిది పేలింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు. కానీ బ్యారెల్ మొన ఒక్కసారి కిందికి గుంజుకుపోయింది. నా కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. వెనక ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏదో తెర తొలగినట్టయింది. శబ్దానికి భయపడి, తూటా పేలకముందే నేనే రైఫిల్‌ని కిందికి నెడుతున్నాను. అసలు తూటా పేలినప్పుడు ఆ కుదుపులో నా భయం దాగిపోయేది. ఉత్తుత్తి తూటా వచ్చేసరికి కుదుపు లేదు, భయమొక్కటే మిగిలింది. ఉస్తాద్ వంద సార్లు "భయపడకు" అని చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు. ఒక్కసారి నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్మాను.

ఇందులో తేడా గమనించండి. టార్గెట్ మీద చిల్లు చూపిస్తే ఫలితం తెలుస్తుంది. బ్యారెల్ మొన కుంగడం చూపిస్తే కారణం తెలుస్తుంది. ఫలితం ఒక్కటే తెలిసినవాడు ఏడుస్తాడు. కారణం తెలిసినవాడు సరిచేసుకుంటాడు.

ఆ తరువాత వారానికి నా ఐదు తూటాలూ మొదటిసారిగా ఒక దగ్గర పడ్డాయి. చిన్న గిన్నె బోర్లించినంత చోటు. కానీ నడిమధ్యలో కాదు, బాగా కిందికి, ఎడమ పక్కకి. నేను దిగులుగా నిలబడితే ఉస్తాద్ నా వీపు తట్టి, "పాసయ్యావు" అన్నాడు. "మధ్యలో పడలేదు కదా ఉస్తాద్?" అన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాటను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "తూటాలు చెల్లాచెదురుగా పడితే తప్పు మనిషిది. దాన్ని రైఫిల్ సరిచేయలేదు. తూటాలన్నీ ఒకే చోట పడి, ఆ చోటు పక్కకి ఉంటే, మనిషి బాగున్నాడు, సైటు జరిగి ఉంది. దాన్ని సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు."

అలాగే చేశారు. దీన్నే జీరోయింగ్ అంటారు. ఐదు చిల్లుల మధ్య బిందువు ఎక్కడుందో చూసి, ముందు సైటును జరుపుతారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. తూటాలు ఎటు పోతున్నాయో ముందు సైటును కూడా అటే జరపాలి. ఎడమకు పోతుంటే ఎడమకు, కిందికి పోతుంటే కిందికి. ముందు సైటును సరిచేసుకున్నాక మళ్ళీ ఐదు కాల్చాను. మధ్యలో పడ్డాయి. ఒక్క తూటాను చూసి సైటు ఎందుకు మార్చకూడదో కూడా అప్పుడే అర్థమైంది. ఎంత మంచి ఫైరర్ తూటాలైనా కొంచెం చెదురుతాయి. ఒక్క చిల్లును చూస్తే అది చెయ్యి వణికి అలా పడిందో, సైటు జరిగి అలా పడిందో చెప్పలేం. ఐదు చూస్తే చెప్పగలం. నేను రెండోసారి రేంజిలో ఒక్కొక్క చిల్లు వెంటా పరిగెత్తి చెడిపోయింది అందుకే.

నేను వెనక బ్యాచ్‌లోకి పోలేదు. ట్రైనింగ్ పూర్తయి మొదటి సెలవుకి ఇంటికి వచ్చాను. ఇంక ఆ ఇంకొకడి గురించి చెప్పాలి.

హాస్టల్లో నా పెట్టె పక్కన వాడి పెట్టె ఉండేది. ఐదేళ్ళు ఒకే చాప మీద పడుకున్నాం. నా కూరలో గుడ్డు ముక్క తక్కువైతే తన దాంట్లోంచి వేసేవాడు. తెలుగు, సాంఘిక శాస్త్రం నాకంటే బాగా చదివేవాడు. లెక్కలు మాత్రం వాడికి కొరకరాని కొయ్య. మూడు నెలల పరీక్షలో 24, ఆరు నెలల పరీక్షలో 21. క్లాసులో నిలబెట్టి మార్కులు చదివేవాళ్ళు. పేపర్లు ఒక్కోసారి ఇచ్చేవాళ్ళు, ఒక్కోసారి ఇచ్చేవాళ్ళు కాదు. ఇచ్చినా మేము పై అంకె చూసుకుని మడిచి పెట్టెలో పడేసేవాళ్ళం. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అరవై మంది పిల్లలకి ఒక్క మాస్టారు. 1996లో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు నేను పాసయ్యాను. వాడు అన్నీ పాసై లెక్కల్లో పోయాడు. "నా బుర్రలోకి లెక్కలు ఎక్కవురా, వదిలెయ్" అన్నాడు. మళ్ళీ పరీక్షకి కట్టలేదు. తాపీ పనికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ వాడి లెక్కల లాంగ్ నోటు పుస్తకంలో చివర ఖాళీ కాగితాలు ఉన్నాయని, ఇంటర్‌లో వాడుకోమని నాకు ఇచ్చాడు.

ఆ సెలవులో ఇంట్లో పాత పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. ఊరికే తిరగేశాను. తరువాత ఎందుకో ఎర్ర పెన్ను తీసుకుని కూర్చుని, వాడి ప్రతి లెక్కా చూసి, తప్పు మొదలైన చోట చుక్క పెట్టాను. రెండు గంటలు పట్టింది. పెట్టిన చుక్కల్ని చూసుకుంటే నా ఒళ్ళు జలదరించింది. పద్ధతి సరిగ్గానే ఉంది. ఎక్కాలు సరిగ్గానే ఉన్నాయి. తప్పులు దాదాపు అన్నీ ఒకే చోట ఉన్నాయి. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే, బ్రాకెట్ తీసేటప్పుడు లోపల ఉన్న గుర్తులన్నీ మారాలి. వాడు మొదటిదొక్కటే మార్చి మిగతావి అలాగే వదిలేసేవాడు. అంతే. అక్కడి నుంచి ఆ లెక్క అంతా తప్పు.

వాడిది చెల్లాచెదురు తూటాల వ్యవహారం కాదు. గిన్నె కింద పట్టేటంత దగ్గర గ్రూపు. సైటు కొంచెం జరిగి ఉంది, అంతే. ఐదు నిమిషాల పని. ఐదేళ్ళు పక్కనే పడుకున్న నేను కూడా చూడలేదు. వాడికి ఎప్పుడూ ఎర్ర జెండా ఒక్కటే కనిపించింది. తూటా ఎక్కడ పడిందో ఒక్కరూ కర్ర పెట్టి చూపించలేదు. ఎర్ర జెండాలు చూసీ చూసీ తనకు గురే లేదనుకుని వాడు రేంజి వదిలి వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళ తరువాత నన్ను కూడా రిక్రూట్లకి ఆయుధ శిక్షణ ఇచ్చే పనిలో వేశారు. అప్పుడు ఈ విషయం మీద దొరికిన పుస్తకాలు చదివాను. డీఎస్సీకి, బీఎడ్‌కి చదివేవాళ్ళకి థార్న్‌డైక్ పేరు తెలిసే ఉంటుంది. యత్నదోష పద్ధతి చెప్పిన అమెరికా శాస్త్రవేత్త. ఆయన 1927లో ఒక ప్రయోగం ప్రచురించాడు. మనుషుల కళ్ళకు గంతలు కట్టి, ఫలానా పొడవు గీత గీయమన్నాడు. గీసినదాని గురించి ఏమీ చెప్పకపోతే ఎన్నిసార్లు గీసినా బాగుపడలేదు. ఒప్పో తప్పో చెబితే బాగుపడ్డారు. అంటే ఉత్త సాధన చాలదు. ఫలితం తెలిసిన సాధన కావాలి. "చెయ్యగా చెయ్యగా అదే వస్తుంది" అని మనం అంటుంటాం. చూసుకోకుండా చేస్తే వచ్చేది తప్పే, అదీ గట్టిపడి వస్తుంది.

అయితే చూపించడం ఎక్కువైనా ప్రమాదమే. దీని మీద 1984లో సాల్మొని, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి ఒక ముఖ్యమైన సంగతి రాశారు. ప్రతిసారీ వెంటనే ఫలితం చెబుతుంటే నేర్చుకునేటప్పుడు బాగా చేస్తారు గానీ, చెప్పేవాడు లేనప్పుడు పట్టు తప్పుతారు. ఊతకర్రకి అలవాటుపడిన కాలు లాంటిది. ఇది నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఫైరింగ్ నేర్పడానికి సిమ్యులేటర్లు వచ్చాయి. 1993లో మొదలైన మన హైదరాబాదు కంపెనీ జెన్ టెక్నాలజీస్ కూడా సైన్యానికి, పోలీసులకి ఇలాంటివి తయారుచేస్తుంది. తూటా ఖర్చు లేకుండా ప్రతి షాట్ ఎక్కడ పడిందో తెర మీద వెంటనే కనిపిస్తుంది. చాలా మంచి పరికరాలు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు తెర ముందు దాదాపు ప్రతి షాటూ మధ్యలో కొట్టేవాడు. రేంజికి వెళ్తే చెల్లాచెదురు. గమనిస్తే, వాడు ప్రతి షాట్ తరువాత తల ఎత్తి తెర చూసేవాడు. తెర చెప్పిందాన్ని బట్టి తరువాతిది కాల్చేవాడు. తెర లేకపోతే వాడికి ఏమీ తెలియదు.

నేను తెరను పక్కకి తిప్పేశాను. "కాల్చు. తల ఎత్తకు. ఎక్కడ పడిందో ముందు నువ్వు చెప్పు. తరువాత నేను చూపిస్తాను" అన్నాను. దీన్ని షాట్ కాల్ చేయడం అంటారు. ట్రిగ్గర్ తెగిన క్షణాన ముందు సైటు మొన ఎక్కడుందో కన్ను ఫొటో తీసినట్టు గుర్తుంచుకోవాలి. కళ్ళు మూసుకునేవాడు చెప్పలేడు. మొదట్లో వాడు "కుడి" అంటే తూటా ఎడమన ఉండేది. పది రోజులకి వాడి మాటా, చిల్లూ దగ్గరపడ్డాయి. రేంజిలో కూడా నిలదొక్కుకున్నాడు.

సైనికుడికి ఇది ఎందుకు ముఖ్యమంటే, సరిహద్దులో బట్ పార్టీ ఉండదు. కర్ర పెట్టి చూపించేవాడు ఉండడు. ఎర్ర జెండా కూడా ఉండదు. చీకట్లో, చలిలో, తన తూటా ఎటు పోయిందో తనకే తెలియాలి. అక్కడ తప్పితే వెనక బ్యాచ్ ఉండదు. అందుకే మంచి ఉస్తాద్ మొదట ప్రతిదీ చూపిస్తాడు, తరువాత ఐదింటికొకసారి చూపిస్తాడు, చివరికి నీతోనే చెప్పిస్తాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో రజతం తెచ్చిన విజయ్ కుమార్ అప్పట్లో మన సైన్యంలో సుబేదారే. అదే ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడు. చివరి రౌండు ఆఖరి సిరీస్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ షూటర్‌కి ఐదు షాట్లకి దొరికేది నాలుగే సెకన్లు. ఒక్కొక్క చిల్లునీ చూసి సరిచేసుకునే వ్యవధి అక్కడ ఎక్కడిది? చూసుకోవడమంతా అంతకుముందు సాధనలోనే అయిపోవాలి.

తమ్ముళ్ళారా, మీలో అందరూ సైన్యంలోకి రావాలని నేను చెప్పడం లేదు. కానీ మీరందరూ రోజూ ఏదో ఒక టార్గెట్ మీద కాలుస్తూనే ఉన్నారు. స్లిప్ టెస్టులు, యూనిట్ టెస్టులు, రేపు పదో తరగతి పరీక్షలు. నేను చెప్పేది మూడే మాటలు. మొదటిది, పేపరు వచ్చాక పైన ఉన్న అంకె చూసి మడిచేయకండి. తప్పు మొదలైన చోట ఎర్ర చుక్క పెట్టండి. రెండోది, ఒక్క పేపరు చూసి నాకు రాదని గానీ, నాకు వచ్చేసిందని గానీ అనుకోకండి. ఐదు పేపర్లు పక్కపక్కన పరిచి చుక్కల్ని చూడండి. చెల్లాచెదురుగా ఉంటే సాధన చాలదని అర్థం, నిద్ర తగ్గించి కాదు, శ్రద్ధ పెంచి చదవండి. అన్నీ ఒకే చోట ఉంటే సంతోషించండి, మీకు లెక్కలు రాకపోవడం కాదు, ఏదో ఒక్క గుర్తు జరిగి ఉంది. మాస్టారుని అడిగితే ఐదు నిమిషాల్లో సరిచేస్తారు. మూడోది, పేపరు ఇవ్వకముందే ఎన్నో లెక్కలో తప్పు వచ్చి ఉంటుందో మీరే రాసుకోండి. తరువాత సరిచూసుకోండి. పూర్వ విద్యార్థులకు కూడా ఒక మనవి. మనం వార్షికోత్సవానికి వచ్చి పెన్నులు, పుస్తకాలు పంచి వెళ్తున్నాం. మంచిదే. ఒక గంట కూర్చుని ఒక్క తమ్ముడి పేపర్లు చూస్తే ఇంకా మంచిది.

నేను 2024 జనవరిలో ఇంటికి వచ్చేశాక వాడిని కలిశాను. ఇప్పుడు మేస్త్రీ. సొంతంగా ఇళ్ళు కట్టిస్తున్నాడు. ఇటుకల లెక్క, సిమెంటు లెక్క నోటితో చెబుతాడు, ఒక్క రూపాయి తేడా రాదు. నోటు పుస్తకం సంగతి చెబుదామా వద్దా అని చాలాసేపు ఆలోచించి చివరికి చెప్పాను. పుస్తకం చేతికిచ్చాను. వాడు ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్క పేజీ తిప్పాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే నాకు వచ్చురా!" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

వాడి చిన్నకొడుకు ఇప్పుడు మన హాస్టల్లోనే ఉంటున్నాడు. నెలకోసారి ఆదివారం వెళ్ళి వాడితో, వాడి స్నేహితులతో పేపర్లు పరుచుకుని కూర్చుంటున్నాను. పోయిన నెల నేను పేపరు తెరవబోతుంటే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు చిన్నాన్నా. ముందు నన్ను చెప్పనీ. నాలుగో లెక్క, మూడో వరుస" అన్నాడు.

తెరిచి చూశాను. నాలుగో లెక్క, మూడో వరుసే.

ఇట్లు,
మీ అన్న,
1991-96 బ్యాచ్ పూర్వ విద్యార్థి,
విశ్రాంత హవల్దారు